రాజమండ్రి ఇన్నీసుపేటలో బోర్డు లేని మెస్సు: కాళ్లు బాగుంటే క్యారేజీ ఇవ్వరు

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. రాజమండ్రిలో మీ అమ్మగారో నాన్నగారో ఒంటరిగా ఉంటూ, మీరేమో హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండి పూటపూటకీ "తిన్నావా? ఏం తిన్నావు?" అని ఫోన్ చేసేవాళ్లయితే ఈ మెస్సు గురించి మీకు తెలియాలి. భోజనం చాలా బాగుంటుంది, ధర న్యాయంగా ఉంటుంది, వంటిల్లు ఎప్పుడు వెళ్లి చూసినా తుడిచినట్టే ఉంటుంది. కానీ వీళ్లకి కొన్ని పద్ధతులున్నాయి. అవి తెలియక మొదట్లో నేను ఫోన్‌లో కాస్త గట్టిగానే మాట్లాడాను, ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అమ్మ పోయి రెండేళ్లు దాటింది. నాన్నకి డెబ్భై ఆరు. నేనొక్కదాన్నే కూతుర్ని, బెంగళూరులో ఉద్యోగం. అమ్మ కార్యక్రమాలన్నీ అయ్యాక నాతో తీసుకెళ్లాను, నలభై రోజులున్నారు, "అల్లుడింట్లో ఎన్నాళ్లుంటానమ్మా" అంటూ శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీయించుకుని వచ్చేశారు. వంట రాదు. పాలు కాచుకోవడం వరకే వచ్చు. ఒక వంటమనిషిని పెట్టాం, రెండు నెలలు చేసి మానేసింది. తర్వాత ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటి భోజనం తెచ్చిస్తామనే ఒక సర్వీసుని (పేరు వద్దులెండి) మాట్లాడాను, నెల డబ్బులు ముందే కట్టించుకున్నారు, ఆ కుర్రాడు గేటుకి సంచీ తగిలించి బెల్లు కూడా కొట్టకుండా వెళ్లిపోయేవాడు, నాన్నకి చెవి కాస్త మందం, రెండింటికో రెండున్నరకో గుర్తొచ్చి వెళ్లేసరికి అన్నం గడ్డకట్టి ఉండేది. కొన్నాళ్లకి ఆ సంచీ తీసుకోవడమే మానేశారు. నాతో మాత్రం రోజూ "తిన్నానమ్మా, బాగుంది" అనేవారు. సంక్రాంతికి వెళ్లి వంటింటి అలమర తీస్తే బిస్కెట్ ప్యాకెట్లు పదకొండు లెక్కపెట్టాను. ఆరు కిలోలు తగ్గారు.

అప్పుడు మా ఎదురింటావిడ చెప్పింది ఈ మెస్సు సంగతి. నంబరు తీసుకుని ఆ రోజే చేశాను. ఎత్తింది మెస్సు నడిపే పిన్నిగారు. క్యారేజీ నెలకి ఎంతండి అని అడిగితే ఆవిడ ధర చెప్పలేదు, "మీ నాన్నగారికి కాళ్లెలా ఉన్నాయమ్మా?" అని అడిగారు.

"కాళ్లు బాగానే ఉన్నాయండి, కానీ ఆయన ఎక్కడికీ కదలరు."

"కాళ్లు బాగుంటే ఇక్కడికే రమ్మనండి. క్యారేజీ కాళ్లు బాలేనివాళ్లకే కడతాం."

ఎక్కువైనా ఇస్తానండి, ఆటో అతన్ని నేనే మాట్లాడుకుంటాను, అతను వచ్చి పట్టుకెళ్తాడు అన్నాను. "డబ్బు మాట కాదమ్మా, మేం ఉన్నది ఇద్దరం, రోజుకి పన్నెండు క్యారేజీలు కట్టగలం, అవి మంచం మీద ఉన్నవాళ్లకి ఉంచాలి కదా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. భార్య పోయి మనిషి ఇంట్లోంచి బయటికి రాకుండా ఉంటే రమ్మంటారేమిటండీ, మీకు ఆ మాత్రం తెలియదా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. "రేపు కంద బచ్చలి కూర. పన్నెండుంపావుకి తీసుకురా అమ్మాయ్" అని పెట్టేశారు.

నాన్నకి కంద బచ్చలి అంటే ప్రాణం. తీసుకెళ్లాను.

ఇన్నీసుపేటలో పాత పెంకుటిల్లు, వీధి వైపు ఆరు మెట్లు, బోర్డు లేదు, చెప్పుల వరస చూసి పోల్చుకోవాలి. వరండాలో రెండు బల్లలు, లోపల హాల్లో మూడు, పద్నాలుగు మంది పడతారు. రెండు బంతులుగా పెడతారు, పన్నెండుంపావుకి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, రెండు తర్వాత తలుపు మూసేస్తారు. రాత్రి ఏడుంపావు నుంచి ఎనిమిదిన్నర, అప్పుడు టిఫినో, కావాలంటే చారన్నం పెరుగన్నమో. పిన్నిగారి భర్త, బాబాయిగారు, పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, డెబ్భై ఒకటి. పిన్నిగారు ఆయనకంటే ఐదేళ్లు చిన్న. పిల్లల పెళ్లిళ్లయ్యాక ఇల్లు బోసిగా ఉందని కాలేజీ కుర్రాళ్లు నలుగురికి భోజనం పెట్టడం మొదలుపెట్టారట, వాళ్లు చదువులయ్యి వెళ్లిపోయారు, చుట్టుపక్కల ఒంటరిగా మిగిలిపోయిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఇప్పుడు వచ్చేవాళ్లలో అరవై దాటనివాళ్లు ముగ్గురో నలుగురో.

భోజనం సంగతి. అరిటాకులో వడ్డిస్తారు, ఆకులు రావులపాలెం నుంచి వస్తాయి. పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, పులుసో చారో, పెరుగు, ఇంతే. స్వీటు పండగలకే. ఏది వండినా ఆ రోజుకి ఆ రోజే, రాత్రికి పొద్దుటి కూర కనపడదు. కంద బచ్చలి కూర ఎలా ఉందంటే, కంద మెత్తబడాలి గానీ ముద్దయిపోకూడదు, చింతపండు పులుపు పైకి తెలియాలి, చివర్లో ఆవ ఘాటు ముక్కులోకి కొంచెం ఎక్కాలి, ఆ మూడూ ఉన్నాయి. పనసపొట్టు కూర చేసిన రోజు మాత్రం మొదటి బంతికే వెళ్లండి, రెండో బంతికి మిగలదు. ఒకసారి వంటింట్లో నిలబడి చూశాను, ఉడికిన పొట్టుని చేత్తో గట్టిగా పిండి, పోపులో చింతపండు గుజ్జు వేసి మగ్గనిచ్చి, దింపి, పళ్లెంలో పరిచి విసనకర్రతో విసిరారు బాబాయిగారు. వేడి మీద ఆవ కలిపితే చేదొస్తుందట, అందుకని చల్లారేదాకా ఆగి పిన్నిగారు వేళ్లతో కలిపారు. కలిపి చిటికెడు ఆయన నోట్లో పెట్టారు. "ఉప్పు" అన్నారాయన. "సరిపోయింది" అన్నారావిడ. "తక్కువైంది" అన్నారాయన. నలభై ఐదేళ్లుగా ఇదే గొడవట. చివరికి ఆవిడే గెలుస్తారు, ఆయన తన ఆకులో పక్కన ఉప్పు వేసుకుంటారు.

ముక్కల పులుసులో బెల్లం ఎక్కువే వేస్తారు, గోదావరి జిల్లాల అలవాటు, గుంటూరు వైపు వాళ్లకి నచ్చకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ముందు చెబితే బెల్లం వేయకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెడతారు, నాన్నకి అలాగే పెడతారు. బీరపొట్టు పచ్చడి, దోసావకాయ, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, ఇవన్నీ ఇంట్లో చేసినవే. శాకాహారం మాత్రమే. పులస వచ్చే రోజుల్లో కూడా ఆ ఇంట్లో చేప మాట ఉండదు, ఆ నెలా నెలన్నరా అక్కడ కొందరి మొహాలు చూడాలి.

ఇప్పుడు మనుషుల సంగతి చెప్పాలి, ఇది లేకుండా ఈ రివ్యూ సగమే అవుతుంది. పేర్లు రాయను. ఒక హెడ్మాస్టరుగారు ఉన్నారు, భార్య పోయాక ఇల్లు కొడుకు పేరున రాసేశారు, ఆ కొడుకు ఆ ఇంటి మేడ మీదే ఉంటాడు, కిందికి దిగడు. ఒక సిస్టరుగారు, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా ముప్పై నాలుగేళ్లు చేశారు, పెళ్లి చేసుకోలేదు, తమ్ముళ్లని చదివించారు. పిన్నిగారి సొంత తమ్ముడు సామర్లకోట నుంచి నెలకోసారి వస్తారు, మూడు రోజులుంటారు, మూడోరోజు పాత పొలం పంపకాల గొడవ తీసి అక్కతో పోట్లాడి సంచీ సర్దుకుంటారు, బాబాయిగారు మాట్లాడకుండా ఆ సంచీ పట్టుకుని స్టేషన్ దాకా వెళ్లి రైలెక్కించి వస్తారు. వచ్చే నెల మళ్లీ వస్తారు. ఇంకొకావిడ పిన్నిగారి చిన్నప్పటి స్నేహితురాలు, కోర్టులో టైపిస్టుగా చేశారు, భర్త ఎప్పుడో వదిలేసి వెళ్లిపోయాడు. ఆవిడ రోజూ మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వస్తారు, అందరికంటే గట్టిగా నవ్వుతారు, అందరూ వెళ్లిపోయినా లేవరు.

వీళ్లందరి మధ్య ఆ ఇద్దరూ. మొదటి రోజు నాకు ఒకటే అనిపించింది, ఇంత మంది దుఃఖం పొద్దస్తమానం ఇంట్లోకి వస్తూ ఉంటే వీళ్లిద్దరూ ఇంత హాయిగా ఎలా ఉన్నారు అని. నాన్న ఇంకోలా చెప్పారు. వెళ్లడం మొదలుపెట్టిన పది పదిహేను రోజులకి ఫోన్‌లో అన్నారు, "భోజనం బాగుంది గానీ, వాళ్లిద్దర్నీ చూస్తే ఒక్కోసారి ముద్ద దిగట్లేదమ్మా." బాబాయిగారు మజ్జిగ తాగడానికి కూర్చుంటే పిన్నిగారు వచ్చి పక్కన కూర్చుని ఆయన కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి ఆయన ముక్కు మీద పెట్టిందట. ఇదీ నాన్న చెప్పింది. మా అమ్మ కూడా అలాగే చేసేది. నేనిక ఏం చెప్పాలో తెలియక, పోనీ మానేస్తారా అన్నాను. "ఎందుకు మానేస్తాను, రేపు పులిహోర" అన్నారు.

అందుకే మీవాళ్లని పంపేముందు ఇది కూడా ఆలోచించండి. కొత్తగా తోడు పోగొట్టుకున్నవాళ్లకి ఆ ఇంట్లో మొదటి నెల కష్టంగా ఉంటుంది. అక్కడ ఎవరూ ఓదార్చరు. పిన్నిగారు "అయ్యో పాపం" అని ఒక్కసారి కూడా అనలేదు, బాబాయిగారు వేదాంతం చెప్పరు. వాళ్లు చేసేదల్లా పని చేతిలో పెట్టడం.

పొద్దున ఏడున్నరకి వరండాలో చాప వేసి ఆ రోజు కూరలు పోస్తారు. రావాలని లేదు, వచ్చినవాళ్లు వస్తారు. పని చేశారని నెల బిల్లులో తగ్గించరు కూడా, "డబ్బులు తీసుకుని మళ్లీ చాకిరీ చేయిస్తారా" అని ఒకాయన కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి తిట్టాడట, ఆయన్ని రావద్దని వాళ్లు అనలేదు, ఆయన కూడా రావడం మానలేదు. నేను వెళ్లిన ఒక రోజు చిక్కుడుకాయలు. అమ్మ ఉన్నన్నాళ్లూ నాన్న చేత్తో చిక్కుడుకాయ పట్టుకోవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. పంచె మడిచి చాప మీద కూర్చుని, కాయ కొస తుంచి నార ఒక వైపు లాగి, తిప్పి రెండో వైపు లాగి, రెండుగా విరిచి, లోపల పురుగు ఉందేమోనని వెలుతురుకి పెట్టి చూసి అప్పుడు పళ్లెంలో వేస్తున్నారు. ఒక్కో కాయకి అరనిమిషం పడుతోంది. పక్కన హెడ్మాస్టరుగారు స్కేలు పెట్టి కొలిచినట్టు అన్నీ ఒకే సైజులో విరుస్తున్నారు. టైపిస్టుగారు మాటల్లో పడి నార తీయకుండానే వేసేస్తున్నారు, పిన్నిగారు ఆ పళ్లెం లోపలికి తీసుకెళ్లి అవి ఏరి మళ్లీ నార తీసుకుంటారట, ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదట. ఇది నాకు సిస్టరుగారు చెప్పారు, టైపిస్టుగారికి తెలియకూడదని గుసగుసగా చెప్పారు.

మే నెలలో ఆవకాయ పెడతారు, అది చూడాలి. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు బస్తాలతో దించుతారు, బాబాయిగారు కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొడుతుంటే మిగతావాళ్లు జీడి తీసి, టెంకకి అంటిన ఆ కాగితం లాంటి పొర తీసి, తడి లేకుండా పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కా తుడవాలి. ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె, జాడీలు. మూడో రోజు తిరగకలిపేటప్పుడు కొత్త ఆవకాయ కలిపిన పళ్లెంలోనే వేడన్నం వేసి అందరికీ తలో ముద్ద పెడతారు. పోయినేడు నేను సెలవు పెట్టుకుని ఆ రోజుకే వెళ్లాను. పిన్నిగారి తమ్ముడు కూడా ఉన్నారు, ఆయన ఆ ముద్ద చేతిలో పెట్టుకుని చాలాసేపు తినలేదు. ఎవరూ ఏమిటని అడగలేదు. తర్వాత తిన్నారు.

మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే ఎక్కువ కాలం. 1986 ఆగస్టు వరదలప్పుడు ఇంటికి రాకుండా గట్ల మీదే ఉన్నారు. అమ్మ పోయాక ఆయన ఆ మాటలేవీ మాట్లాడటం మానేశారు, వినేవాళ్లెవరు. ఇక్కడ వానాకాలంలో ఏమైందంటే, ఎవరో పేపర్లో చూసి "గోదావరికి నీళ్లొస్తున్నాయట" అన్నారు, నాన్న ఊరికే ఉండలేక, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని చెప్పారు. భద్రాచలంలో ఎంతుందో చూసుకుంటే ఇక్కడికి రేపటికి ఎంతొస్తుందో తెలుస్తుందని, 1986లో అక్కడ 75.6 అడుగులు వచ్చిందని, 2022 జూలైలో 71.3 అని. అంతే, మర్నాటి నుంచి బాబాయిగారు ఒక పలక తెచ్చి గోడకి తగిలించారు. సుద్దముక్క నాన్న చేతికిచ్చారు. వరద రోజుల్లో మొదటి బంతికి ముందు నాన్న ఆ పలక మీద భద్రాచలం ఎంత, ధవళేశ్వరం ఎంత రాస్తారు, వచ్చినవాళ్లు చెప్పులు విప్పుతూనే పలక వంక చూస్తారు. ఒక రోజు జ్వరం వచ్చి వెళ్లలేదు. ముగ్గురు ఫోన్ చేశారట, నీళ్లెంత అని. నాకు చెబుతుంటే ఆయన గొంతు ఎలా ఉందో రాయడం నాకు చేతకావడం లేదు.

ఆ పలక పక్కనే ఒక కాగితం అంటించి ఉంటుంది, పెద్ద అంకెలతో 14567 అని. కేంద్రం పెట్టిన వృద్ధుల హెల్ప్‌లైన్, దేశమంతా అదే నంబరు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది, డబ్బులు పడవు. సిస్టరుగారు అంటించారు. హెడ్మాస్టరుగారి కోసమే అంటించారని అందరికీ తెలుసు. తల్లిదండ్రుల పోషణకి 2007లో వచ్చిన చట్టం ఉంది కదా, ఆర్డీవోగారి దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, లాయరుతో పని లేదు అని ఆవిడ ఆయనకి ఎన్నోసార్లు చెప్పారట. "కొడుకు మీద అర్జీ ఏంటమ్మా" అని ఆయన పెట్టలేదు. బాబాయిగారు ఇందులో తలదూర్చలేదు, కానీ ఆయనకి రాత్రిపూట రెండు ఇడ్లీలు ఎక్కువ కట్టి ఇస్తారు, పొద్దున టిఫినుకని.

ఇప్పుడు చాలామందికి నచ్చని సంగతి. రాత్రి ఎనిమిదిన్నరకి తలుపు వేసేస్తారు. వేసేయడమంటే వేసేయడమే. ఎవరు ఎంత కష్టం చెప్పుకుంటున్నా బాబాయిగారు లేచి కిటికీలు మూయడం మొదలుపెడతారు. ఒక రాత్రి నేనున్నాను. టైపిస్టుగారు ఆ రోజు మరీ ఎక్కువ మాట్లాడారు, ఎవరో దూరపు బంధువు సంబంధం తెస్తానన్నాడని, ఈ వయసులో ఏమిటని జనం నవ్వుతారేమోనని, మళ్లీ అంతలోనే వాడు ఫోన్ ఎత్తడం లేదని. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పిన్నిగారు అంతా విన్నారు, చెయ్యి పట్టుకునే విన్నారు. ఎనిమిదిన్నరైంది. "పొద్దున గోరుచిక్కుళ్లు చాలా ఉన్నాయే, ఏడింటికల్లా రా" అని లేచి నిలబడ్డారు. ఆవిడ మెట్లు దిగి వీధిలో నిలబడి వెనక్కి చూశారు. లోపల లైటు ఆరిపోయింది. నాన్న ఆవిడకి ఆటో పిలిచి ఎక్కించారు, ఆటో నంబరు తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఇంటికి నడుస్తూ నేను అన్నాను, ఇంకో అరగంట కూర్చోనిస్తే ఏం పోయింది నాన్నా అని. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "కూర్చోనిస్తే నేనూ కూర్చుంటానమ్మా. హెడ్మాస్టరూ కూర్చుంటాడు. ఇక వాళ్లెప్పుడు పడుకోవాలి" అన్నారు.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదు కూడా అంతే, తలుపు తట్టినా తీయరు. ఆదివారం రాత్రి అసలు మెస్సే లేదు. ఆదివారం సాయంత్రం ఆ ఇద్దరూ గోదావరి గట్టుకి వెళ్తారు, ఇద్దరే వెళ్తారు, ఎవరినీ రమ్మనరు, ఎవరూ వెంటపడరు. ఆర్చి వంతెన మీద రైళ్లు పోతుంటే చూస్తూ కూర్చుని, పొట్లం బజ్జీలు తిని, చీకటి పడ్డాక నడిచి వస్తారు. నాన్నకి వారం మొత్తంలో ఆ పూటే బరువుగా ఉంటుంది. ఇడ్లీ తెచ్చుకుని టీవీ ముందు తింటారు. "ఇప్పుడు వాళ్లు గట్టు మీద ఉంటారు" అని నాతో ఫోన్‌లో చాలాసార్లు అన్నారు, ఈర్ష్యగా కాదు, అలాగని సంతోషంగానూ కాదు. ఈ మధ్య ఆదివారం రాత్రి హెడ్మాస్టరుగారిని మా ఇంటికి రమ్మంటున్నారు. ఇద్దరూ కలిసి ఉప్మా చేశారట, ఉండలు కట్టిందట.

నేను చాలా ఆలోచించాను దీని గురించి. ఆ తలుపు వేయడం కఠినమే. ఆ రాత్రి టైపిస్టుగారి మొహం నాకు ఇంకా కళ్లముందే ఉంది. కానీ అంతకుముందు మేం చూసిన ఒక వృద్ధాశ్రమంలో (హైదరాబాద్ శివార్లలో, పేరు రాయను) ఇరవై నాలుగు గంటలూ తలుపులు తీసే ఉన్నాయి, నవ్వుతూ పలకరించే అమ్మాయిలున్నారు, నాన్న అక్కడ గంటసేపు కూర్చుని "వెళ్దామమ్మా" అన్నారు. ఇక్కడ వేసిన తలుపు మర్నాడు ఏడున్నరకి కచ్చితంగా తెరుచుకుంటుంది, ఏడాదిన్నరలో అది తెరుచుకోని రోజు లేదు. ఆ ఇద్దరూ తమ రెండు గంటలూ తమ ఆదివారమూ ఉంచుకోకపోతే ఎన్నాళ్లు చేయగలరు చెప్పండి, వాళ్లకీ మోకాళ్ల నొప్పులున్నాయి. ఇందుకు మార్కులు తగ్గించడానికి నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

ధరలు: ఒక పూట భోజనం 100 రూపాయలు, నెలకి మధ్యాహ్నం ఒక్కటే అయితే 2,700, రెండు పూటలా అయితే 4,500. క్యారేజీ కూడా అదే ధర, తెచ్చిచ్చే కుర్రాడికి వేరే 300. ఊరెళ్తే ముందు రోజు చెబితే ఆ రోజుల డబ్బు తగ్గిస్తారు, చెప్పకపోతే తగ్గించరు. ఫోన్‌పే ఉంది గానీ దాని సంగతి బాబాయిగారికి తెలియదు, పక్కింటి అబ్బాయి వచ్చి డబ్బు పడిందో లేదో చూసి చెప్పాలి, నగదు మేలు. ఫోన్ పొద్దున పదకొండు లోపు చేయండి, వడ్డన టైములో ఎత్తరు. మొదటిసారి మీవాళ్లని మీరే వెంటబెట్టుకుని వెళ్లండి, ఒక్కళ్లనే వెళ్లమంటే గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తారు.

లోపాలు లేవని కాదు. చేతులు కడుక్కునే చోట నాపరాయి నున్నబడిపోయి జారుతుంది, గోనెపట్టా వేయమని రెండుసార్లు చెప్పాక వేశారు. ఫ్యాన్లు పాతవి, ఏప్రిల్ మే నెలల్లో రెండో బంతిలో కూర్చుంటే చెమటతో తడిసిపోతారు. చారు ఒక్కోసారి మరీ పల్చన. అన్నిటికంటే భయం ఆ ఆరు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు, డెబ్భై దాటినవాళ్లు వచ్చే చోట అలా ఉండకూడదు. పోయిన వానాకాలంలో సిస్టరుగారు చివరి మెట్టు మీద జారారు, అదృష్టం, చెయ్యి గీసుకోవడంతో పోయింది. రెయిలింగు నేను పెట్టిస్తానంటే బాబాయిగారు మొదట వద్దన్నారు, ఒకరి దగ్గర తీసుకుంటే ఇంకొకరు నొచ్చుకుంటారని. చివరికి వచ్చేవాళ్లందరూ తలా కొంత వేసుకునేలా ఒప్పుకున్నారు. హెడ్మాస్టరుగారు లెక్క రాస్తున్నారు, టైపిస్టుగారు అందరికంటే ముందు ఇచ్చారట. కొలతలు నాన్న తీసి పంపారు, మెట్టు ఎత్తు ఏడంగుళాలు, రెండు వైపులా పైపు, పైన చేతికి చల్లగా తగలకుండా చెక్క. ఈ నెలాఖరుకి నేను వెళ్లి వెల్డింగు అతనితో మాట్లాడాలి, గోదావరికి నీళ్లు రాకముందే బిగించేయాలి.